గేర్‌బాక్సుకు వెండి రంగు

చెల్లెలు గేటు తోసుకుని వచ్చేసరికి అన్నయ్య కారు బానెట్ తుడుస్తున్నాడు. తుడవడమంటే మామూలుగా కాదు, మెత్తటి గుడ్డతో, పసిపిల్లకు ఒళ్ళు తుడిచినట్టు. దారి పొడవునా అణుచుకుంటూ వచ్చిన కోపం ఆ తుడుపు చూడగానే ఆమెకు నెత్తికెక్కింది.

“తాళం ఇవ్వు,” అంది.

“ఎందుకూ? మిగిలింది కూడా విరగ్గొట్టడానికా?”

తండ్రి పోతూ పోతూ ఆ పాతకాలపు కారును ఇద్దరికీ ఉమ్మడిగా వదిలాడు. ఒక ఆదివారం అన్నయ్యది, పై ఆదివారం చెల్లెలిది. అన్నయ్య తన ఆదివారాల్లో కారును తోముతాడు. మహా అయితే వీధి చివరిదాకా తిప్పి తెస్తాడు. చెల్లెలు దాన్ని రోడ్డెక్కించి నడుపుతుంది. పోయిన వారం హైవే మీద టాప్ గేరులో పడ్డాక ఓవర్‌డ్రైవ్ స్విచ్ వేస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఓవర్‌డ్రైవ్ అంటే టాప్ గేరు పైన ఇంకో మెట్టు. అది పడితే ఇంజన్ రొద తగ్గి, కారు అదే వేగంతో హాయిగా సాగిపోతుంది. పడలేదు. ఇంటికి తెచ్చి అన్నయ్యకు ఉన్నమాట చెప్పింది.

చెప్పడమే తప్పయింది. మర్నాడు మేనత్త ఇంట్లో, అందరూ భోజనాల దగ్గరుండగా, “స్విచ్ వేసి ఉంచి రివర్స్ చేసింది. లోపల గేర్ల పళ్ళన్నీ నుగ్గయిపోయుంటాయి. ఇక కారు దాని చేతికిచ్చేది లేదు,” అని అన్నయ్య తీర్పు చెప్పేశాడు. కాదనడానికి ఆమె అక్కడ లేదు. మెకానిక్ కూడా, ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, కారు ముఖం చూడకుండానే గేర్‌బాక్స్ దింపాల్సిందే అన్నాడట. కారును లాక్కెళ్ళడానికి మధ్యాహ్నం బండి పంపిస్తున్నాడు.

“బండి వచ్చేలోపల నేను చూస్తాను,” అంది చెల్లెలు. “కారులో సగం నాది. ఆ సగమే చూస్తాలే.”

“చూడు ఇంజనీరమ్మా, చూడు. మహా చూస్తావు!”

వదిన వరండాలోంచి తాళం పట్టుకొచ్చి ఆమె చేతిలో పెట్టింది. అన్నయ్య పెళ్ళాన్ని గుడ్లురిమి చూశాడు. ఆవిడ ఆ చూపుకు ఎప్పుడో అలవాటుపడిపోయింది.

చెల్లెలు ముందు సీటు తీసి బయట పెట్టింది. కార్పెట్ చుట్టి, గేర్‌బాక్స్ మీది మూత విప్పింది. సంచీలోంచి తండ్రి చేసిన టెస్ట్ బల్బు తీసింది. చిన్న బల్బు, రెండు తీగలు, ఒక తీగకు క్లిప్పు, ఇంకోదానికి సూది. చిన్నప్పుడు తండ్రి ఇదే కారు పనిలో దిగితే అన్నయ్య స్టీరింగ్ పట్టుకుని బుర్రుమనేవాడు. ఆమె టార్చి పట్టుకునేది. లోపల ఏముందో తెలిసేది టార్చి పట్టుకున్నవాళ్ళకే.

తాళం తిప్పింది, ఇంజన్ మాత్రం స్టార్ట్ చెయ్యలేదు. టాప్ గేరు వేసి ఓవర్‌డ్రైవ్ స్విచ్ నొక్కింది. లోపల ‘టక్’ మనాలి. అనలేదు.

“నేను చెప్పలా!” అన్నాడు అన్నయ్య.

“నువ్వు చెప్పింది పళ్ళు విరిగాయని. పళ్ళు విరిగినా టక్ మంటుంది. ఇది కరెంటు జబ్బు.”

క్లిప్పును కారు బాడీకి తగిలించి, కరెంటు నడిచే దారినే సూదితో పొడుచుకుంటూ వెళ్ళింది. ఫ్యూజు దగ్గర బల్బు వెలిగింది. స్విచ్ అవతల వెలిగింది. గేర్‌బాక్స్ మీదున్న ఇంకో చిన్న స్విచ్ దగ్గర ఆగి, “ఇలా వచ్చి చూడు,” అంది.

“ఏం చూడాలి?”

“టాప్‌లో వెలుగుతోందా? ఇప్పుడు రివర్స్ వేస్తున్నా. ఏమైంది?”

బల్బు ఆరిపోయింది.

“రివర్స్‌లో ఓవర్‌డ్రైవ్ పడకూడదనే ఈ స్విచ్ పెట్టారు. నేను కావాలని చేద్దామన్నా కాదు. అందరి ముందూ నా మీద నింద వేసే ముందు ఇది ఒక్కసారి చూస్తే నీ సొమ్మేం పోయింది?”

“అదే అయ్యుంటుందని అన్నాను గానీ...”

“అయ్యుంటుందని అన్లేదు. అయిందన్నావు!”

మళ్ళీ టాప్ గేరు వేసి కిందికి వంగింది. కరెంటు అందగానే లోపలి పుల్లను లాగి ఓవర్‌డ్రైవ్‌ను పట్టించే సోలెనాయిడ్ అక్కడుంది. దానికి కరెంటు తెచ్చే తీగ మీద బల్బు వెలిగింది. కరెంటు బయటికి పోవాల్సిన నల్ల తీగ మీద సూది గుచ్చింది. అక్కడా వెలిగింది. అక్కడ వెలగకూడదు. లోపలికి వచ్చిన కరెంటుకు పోయేదారి లేదన్నమాట.

నల్ల తీగ చివరి రింగు గేర్‌బాక్స్‌కు బోల్టుతో బిగించి ఉంది. రింగు, బోల్టు, దాని చుట్టుపక్కల ఇనుమంతా వెండి రంగులో ధగధగలాడుతున్నాయి. స్పానరుతో బోల్టు ఊడదీసింది. తలనుంచి తోకదాకా రంగు. బోల్టు దిగే రంధ్రంలో కూడా రంగే.

ఆ బోల్టును తీసుకెళ్ళి అన్నయ్య ముఖం ముందు పెట్టింది.

“దీనికి రంగెవరు వేశారు?”

అన్నయ్య ముఖం తిప్పుకున్నాడు. జవాబు వదిన చెప్పింది. “ఇంకెవరు? రెండు వారాల కిందట మూత విప్పి మూడు పూతలు వేశారు. బోల్టులన్నీ డబ్బాలో ముంచి ఆరబెట్టారు. మా వంటింటి గోడ ఒక్క పూతకి నోచుకోలేదు.”

“మురికిగా ఉండేది,” అన్నాడు అన్నయ్య నెమ్మదిగా. “తీసి చూస్తే అసహ్యంగా...”

“మూత కింద ఎవడు చూస్తాడు? పైన పటారం సరే, లోపల కూడా పటారమే కావాలా నీకు? రంగు అడ్డుంటే కరెంటు ఇనుములోకి ఎలా పోతుంది, ఎర్త్ ఎలా అందుతుంది?”

ఒక తీగ ముక్క తీసి రింగును గీకి, రింగుకూ కారు బాడీకీ కలిపింది.

టక్.

వదిన చప్పట్లు కొట్టింది. అన్నయ్య ఊపిరి పీల్చుకుని నవ్వాడు. “ఇంతేనా! ఇంతోటి దానికి ఇంత రాద్ధాంతమా? సర్లే, కొంచెమే గీకు. రంగు పాడవకుండా.”

అంతవరకూ ఎలాగో నిగ్రహించుకున్న ఆమెకు ఆ నవ్వుతో ఒళ్ళు భగ్గుమంది. గరుకు కాగితం తీసింది. రింగు కూర్చోవడానికి రూపాయి బిళ్ళంత జాగా చాలు.

“అత్తకి ఫోన్ చెయ్యి.”

“మెకానిక్‌కి చేస్తాను, బండి వద్దని.”

“అది తర్వాత. ముందు అత్తకి. స్పీకర్ పెట్టు.”

“తర్వాత నిదానంగా చెప్తాలేవే.”

ఆమె గరుకు కాగితాన్ని ఇనుము మీద పెట్టి బర్రున గీకింది. రూపాయి బిళ్ళంత రంగు లేచిపోయింది. చేయి ఆగలేదు. అరచేతంత లేచింది.

“ఏయ్, చాలు! చేస్తున్నా, చేస్తున్నా!”

ఫోన్లో అత్త గొంతు పలికింది. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. “అత్తయ్యా, కారు బాగైందండీ. ఏదో తీగ వదులైందట.”

బర్రు. ఇంకో అరచేతంత.

“వదులు కాదండీ, మరి... ఎవరో రంగు వేస్తే...”

బర్రు. వెండిపొడి ఆమె మోచేతిదాకా పడింది. కింద ఉన్న పాత ఇనుము నల్లగా బయటపడుతోంది.

“నేను!” అని అరిచాడు అన్నయ్య. “నేనేనండీ! నేను వేసిన రంగు వల్ల! చెల్లెలి తప్పేం లేదు. ఆ రోజు నేను తెలీకుండా నోరు పారేసుకున్నాను!”

“అదేమిట్రా, మరి అంత గట్టిగా చెప్పావు?” అంటోంది అత్త ఫోన్లో.

చెల్లెలు కాగితం కింద పెట్టింది. రింగును వట్టి ఇనుము మీద కూర్చోబెట్టి, రంగు గీకేసిన బోల్టును దిగబిగించింది. తాళం జేబులో వేసుకుని, “ఆ సీటు అందుకో వదినా,” అంది.