ఏడో అధ్యాయంలో సోమమ్మ

కథలు రాసేవాళ్ల కన్నా కథలెలా రాయాలో చెప్పేవాళ్లు ఈ మధ్య ఎక్కువైపోయారు. భువనగిరిలో రఘుపతి సార్ అలాంటి వాళ్లలో పెద్ద తలకాయ. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాడు. ఆయన రాసిన కథలు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు కూడా ఎక్కువే. అయితేనేం, కథ ఎలా రాయాలో చెబుతూ రెండు పుస్తకాలు అచ్చేశాడు. మూడోది రాసి, కట్ట కట్టి, మోత్కూర్ బస్టాండ్ ఎదురుగా ఉన్న నిషాత్ డీటీపీ సెంటర్‌కు తెచ్చిచ్చాడు. పేరు 'నలభై రోజుల్లో కథకులు కండి'.

భువనగిరిలో టైపు చేసేవాళ్లు లేక కాదు, ఆ కోడి కెలికిన రాతతో వేగలేక వాళ్లంతా చేతులెత్తేశారు. నిషాత్‌కు ఆ రాత అలవాటే. నాలుగేళ్ల కింద ఆయన పెట్టిన రచనా శిక్షణ తరగతులకు ఎనిమిది ఆదివారాలు బస్సెక్కి పోయింది. ఆయన ఎర్రసిరాతో రాసే వ్యాఖ్యలను వేదవాక్కుల్లా చదివింది. ఆ సంగతి సార్‌కు గుర్తులేదు. ఆయన లెక్కలో ఆమె టైపు చేసే అమ్మాయి, అంతే.

సోమవారం మధ్యాహ్నం ఏడో అధ్యాయం మొదలుపెట్టింది. 'బలహీనమైన కథను బలంగా మార్చడం ఎలా?' అని శీర్షిక. దాని కింద 'ఒక కొత్త రచయిత్రి రాసిన తప్పుల కథ' అని ఒక ముక్క, ఆ తర్వాత 'సవరించిన కథ' అని ఇంకో ముక్క. నిషాత్ అలవాటుగా కొట్టుకుంటూ పోతోంది. మూడో వాక్యం దగ్గర వేళ్లు ఆగిపోయాయి. నాలుగో వాక్యం కాగితం చూడకుండానే ఆమెకు తెలుసు. ఎందుకంటే అది ఆమె రాసిందే.

అది కథ కూడా కాదు, జరిగిందే. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు నిషాత్ నాయిన అబూబకర్ గుండె ఆగి చనిపోయాడు. అమ్మ గులాబ్‌బీ ఇద్దత్‌లో కూర్చుంది. భర్త పోయిన మనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, సొమ్ములు పెట్టుకోకూడదు. గులాబ్‌బీ గాజులమ్మే మనిషి. పాతికేళ్లకు పైగా గాజులు తాళ్లకు గుచ్చిన మలారం భుజానేసుకుని చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగింది. అందరి చేతులకూ నిండుగా గాజులు తొడిగిన మనిషి, తన చేతులు బోసిగా పెట్టుకుని ఇంట్లో కూర్చుంటే మలారం గోడకు వేలాడుతూ ఉండిపోయింది.

రెండో నెలలో సోమమ్మ వచ్చింది. మోత్కూర్ పక్క పల్లెలో పత్తి పండించుకునే మనిషి. కోడలు హరితకు ఏడో నెల, శ్రీమంతం చేయాలి. కోడల్ని ఆటోలో ఎక్కించుకుని నేరుగా గులాబ్‌బీ ఇంటికి తీసుకొచ్చింది. గులాబ్‌బీ గాబరా పడింది. శుభమా అని వచ్చారు, బోసి చేతులతో నేనేం తొడుగుతాను, బజార్లో ఇంకెవరి దగ్గరికైనా పొమ్మంది. సోమమ్మ పోలేదు. చెప్పులిడిచి గడప లోపల చతికిలబడింది.

"నా లగ్గానికి ఏసిన చేతులే గివి," అంది. "ఆనాడు మంచిగున్నయి, గీనాడు పాడైనయా? నువ్వు మలారం దించేదాక నేను లెవ్వ."

గులాబ్‌బీ చేతులు కడుక్కుని మలారం దించింది. హరిత చేయి మెత్తగా నొక్కి, వేళ్లు కలిపి, పచ్చగాజులు ఒక్కటి కూడా చిట్లకుండా ఎక్కించింది. నాయిన పోయాక అమ్మ ముఖంలో పని చేసుకునే మనిషి కళ మళ్లీ కనిపించింది ఆ రోజే. పద్దెనిమిదేళ్ల నిషాత్ పొయ్యి దగ్గర నిలబడి చూసింది. తర్వాత అయిదేళ్లకు దాన్నే నోటుబుక్కులో రాసుకుంది, పేర్లు కూడా మార్చకుండా. రాయడమంటే ఏమిటో ఆమెకు తెలిసింది కూడా అది రాస్తున్నప్పుడే.

ఇక సార్ సవరించిన కథ. అందులో సోమమ్మ గులాబ్‌బీ ఇంటి ముందు నిలబడి, ముండమోపి చేతులు నా కోడలికి తగలనీయనని ఊరంతా వినబడేలా అరుస్తుంది. మలారాన్ని కాలితో తన్నుతుంది. గాజులు వీధిలో పడి పగులుతాయి. గులాబ్‌బీ ఆ పెంకులు ఏరుకుంటూ చేతులు కోసుకుని, నెత్తురుతో ఏడుస్తుంది. అప్పుడు కళ్లజోడు పెట్టుకున్న ఒక రిటైర్డ్ అధ్యాపకుడు అటుగా వచ్చి ఊరికి మానవత్వం బోధిస్తాడు. ఆ అధ్యాపకుడు ఎవరో చెప్పనక్కర్లేదు.

నిషాత్‌కు ఒళ్లు మండిపోయింది. కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచింది. పేర్లు అలాగే ఉన్నాయి. సోమమ్మ, గులాబ్‌బీ, హరిత. మోత్కూర్ కూడా ఉంది. వెయ్యి కాపీలు వేస్తున్నానని, కాలేజీలకు పంచుతానని సార్ చెప్పాడు. ఆ పుస్తకం ఈ ఊరికి రాకుండా ఉంటుందా? సోమమ్మ గురించి గులాబ్‌బీ బిడ్డ ఇలా రాసిందట అని ఎవరో ఒకరు ఆమె చెవిన వేయకుండా ఉంటారా?

ఆయన మీద ఎంత కోపమొచ్చిందో తన మీద అంతకు రెండింతలు వచ్చింది. తరగతుల చివరి రోజు నోటుబుక్కు చూసి ఇస్తానని తీసుకున్నాడు. మూడు నెలలు తిప్పుకుని, ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పడిపోయిందమ్మా, చూస్తా అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మడమే కాదు, ఆయన సూత్రాలన్నీ గోడకు అంటించుకుని రెండేళ్లు రాసింది. తెల్లవారుజామున లేవమంటే లేచింది. రోజుకు మూడు పేజీలంటే మూడు పేజీలు నింపింది. ప్రతి కథలో ఒక దుర్మార్గుడు ఉండాలంటే, లేని చోట కూడా తెచ్చి నిలబెట్టింది. ఆ కథల్లో ఒక్కటి కూడా చదువుకోబుద్ధి కాక రాయడమే మానేసింది. తనకు రాయడం రాదనుకుంది.

బుధవారం పదకొండింటి బస్సుకు సార్ దిగాడు. ఎంతవరకు వచ్చిందని అడుగుతూనే కుర్చీలో కూర్చున్నాడు. ఏడో అధ్యాయంలోని కథ తనదని నిషాత్ చెప్పింది. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని ఆమె ముఖం మొదటిసారి సరిగా చూశాడు.

"ఆ అమ్మాయివి నువ్వేనా? సంతోషమే కదా. నీ కథ పుస్తకానికెక్కింది."

"కింద ఉన్నది నాది కాదు సార్. సోమమ్మ పెద్దమ్మ మలారం తన్నలేదు. కూసొని కోడలికి గాజులేయించింది."

సార్ నవ్వి, పాఠం మొదలుపెట్టాడు. నీ కథలో సంఘర్షణ లేదన్నాడు. ఒకామె వచ్చింది, గాజులేయించుకుంది, పోయింది, ఇందులో పాఠకుడికి ఏముందన్నాడు. పేర్లే బాధైతే మార్చేసుకో, నీ కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కితే సరిపోతుందన్నాడు.

"జరిగింది జరిగినట్టు రాస్తే అది కథ కాదమ్మా. గాజులమ్ముకునే మనిషి, భర్త పోయినామె, పైగా మీవాళ్లు. ఊరు ఆమెను చీదరించుకుంటుందంటేనే పాఠకుడు నమ్ముతాడు."

ఎవరీ పాఠకుడు? ఎప్పుడూ కంటికి కనబడని ఆ పాఠకుడి కోసం సోమమ్మ కాలెత్తి తన్నాలి, అమ్మ నెత్తురు కార్చాలి. చీదరించుకునేవాళ్లు లేరని కాదు. సార్ ఉండే భువనగిరిలోనే గది కిరాయికి అడిగితే, పేరు విని తలుపేసుకున్న ఇల్లు ఏ గల్లీలో ఉందో నిషాత్‌కు ఇప్పటికీ గుర్తే. అది రాయాల్సి వస్తే అదే రాస్తుంది, ఆ తలుపు రంగుతో సహా. తలుపేసిన మనిషి పాపం తెచ్చి, గడపలో చతికిలబడిన మనిషి నెత్తిన పెట్టడమేమిటి? పేరు మార్చినా అబద్ధం అక్కడే కూర్చుంటుంది కదా.

ఇవన్నీ ఆయనకు చెప్పాలనుకుంది. ఒక్కటే అడిగింది.

"నా నోటుబుక్కు నాకియ్యండి సార్."

అది ఇల్లు మారినప్పుడే పోయిందని చెప్పాను కదా అన్నాడు.

"పోయిన బుక్కుల నుంచి అక్షరం పొల్లుపోకుండ ఎట్ల ఎక్కిచ్చిండ్రు?"

సార్ ముఖం ఎర్రబడింది. ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతం చేసేవాళ్లతో తనకు పనిలేదని, తన కట్ట తనకిస్తే ఇంకోచోట టైపు చేయించుకుంటానని చేయి చాపాడు. నిషాత్ బల్ల సొరుగు తాళం వేసి, తాళంచెవి పిడికిట్లో పెట్టుకుంది.

"మొన్న దుకాణం సర్దేటప్పుడు యాడ్నో పడ్డది సార్. సూస్త."

ఆయనకు అర్థమైంది. అర్థమై హడలిపోయాడు. ఎందుకంటే ఆయన మొదటి పుస్తకంలో మొదటి సూత్రం, చిత్తుప్రతులు దాచుకోవద్దు, చింపేయండి, ఒకే ప్రతితో ముందుకు పొండి అని. తాను చెప్పిన సూత్రాల్లో ఆయన పాటించింది అదొక్కటే. ఆ కట్ట తప్ప ఇంట్లో కాగితం ముక్క లేదు. గొంతు పెంచాడు, పోలీసుల పేరెత్తాడు, పక్క దుకాణాల వాళ్లు తొంగి చూసేసరికి తగ్గి, బస్సెక్కి పోయాడు.

శుక్రవారం మళ్లీ వచ్చాడు. ప్లాస్టిక్ కవర్లోంచి నోటుబుక్కు తీసి బల్ల మీద పడేశాడు. నిషాత్ పేజీలన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, ఆయన కట్ట తీసి ఇచ్చేసింది, ఏడో అధ్యాయంతో సహా. ఒకరు రాసుకున్నది దాచుకోవడం ఆయన పద్ధతి, ఆమెది కాదు. మెట్లు దిగుతూ ఆయన వెనక్కి తిరిగాడు.

"ఆ అధ్యాయం అట్లాగే ఉంటుంది. ఇప్పుడు పేరు కూడా మార్చను. ఎవరొచ్చి అడుగుతారు? మీ సోమమ్మ చదువుతుందా ఏమన్నా?"

ఆ మాట నిషాత్ ఒంట్లో రెండు రోజులు మండుతూనే ఉంది. చేతిలో ఉన్న కట్టను నీతి పేరుతో ఎందుకిచ్చేశానని తిట్టుకుంది, మళ్లీ ఇవ్వకపోతే తనకూ ఆయనకూ తేడా ఏముందని తిట్టుకుంది.

ఆదివారం పొద్దున సోమమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ రోజు హరిత కడుపులో ఉన్న పిల్లే, అక్షిత. తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. మేనమామ లగ్గానికి గాజులు కావాలంది. గులాబ్‌బీ మోకాళ్లు పట్టుకుని లేచి మలారం దించింది. ఇప్పుడు ఊళ్లు తిరగలేకపోయినా ఊళ్లే ఆమె దగ్గరికి వస్తున్నాయి.

నిషాత్ అప్పటిదాకా అమ్మకు కూడా చెప్పలేదు. సోమమ్మను చూశాక దాచలేకపోయింది. తప్పు నాదే పెద్దమ్మా, పేర్లతో రాసి ఇచ్చింది నేనే అని మొదలుపెట్టి, సార్ మార్చిన కథ మొత్తం చెప్పింది. మలారం తన్నిన దగ్గర గులాబ్‌బీ చేతిలోని గాజు ఆగిపోయింది. సోమమ్మ మాత్రం చివరిదాకా విన్నది. విని, నువ్వు రాసింది ఏది, అది వినిపించు అంది.

నిషాత్ నోటుబుక్కు తెచ్చింది. అక్షిత లాక్కుని, వేలు పెట్టి తానే చదవడం మొదలుపెట్టింది. పేజీల నిండా ఎర్రసిరా గీతలున్నా పిల్ల వాటిని దాటుకుంటూ చదివింది. తన నాయనమ్మ గడప లోపల కూర్చోవడం చదివి నవ్వింది. నా లగ్గానికి ఏసిన చేతులే గివి, అని చదివింది. మలారం దించేదాక లెవ్వను, అని చదివి ఆగింది. ఆ మాటల చుట్టూ ఎర్రటి సున్నా గీసి, పక్కన ఒక మాట రాసి ఉంది.

"అ-స-హ-జం," అని కూడబలుక్కుంది. "గదంటేంది నిషాత్ అక్కా?"

చెప్పేటప్పుడు నిషాత్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కోపంతోనే.

"గిసొంటి మనుషులు ఉండరని."

సోమమ్మ నోటుబుక్కు తీసుకుని, చదువు రాకపోయినా, ఆ ఎర్ర సున్నాను చాలాసేపు చూసింది. ఆ రోజు కూర్చున్న చోటే, ఆ గడప పక్కనే కూర్చుని ఉంది.

"మరి నేనెవర్ని?" అంది.

గులాబ్‌బీ ఆమె మోకాలి మీద చేయి వేసి, పోనీయ్ సోమమ్మా, పెద్ద చదువులోళ్లతో మనకెందుకు అంది. సోమమ్మ ఆ చేయి తీయలేదు, లేవడం మాత్రం లేచింది. నోటుబుక్కు చంకలో పెట్టుకుని, గడప అవతల చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

"భువనగిరి బస్సు ఎప్పుడున్నది? నాకు సదువు రాకుంటే ఏమాయె, గాయనకు కండ్లున్నయి గద. నన్ను సూసి రాయుమను."

నిషాత్ ఇంటి తాళంచెవి కోసం వెతుక్కుంది. బస్సు పదకొండింటికి ఉందని చెప్పింది. గులాబ్‌బీ అక్షిత చేతికి మిగిలిన రెండు గాజులు ఎక్కించి, మలారం గోడకు తగిలించి, దాని పక్కనే కొయ్యకు ఉన్న బుర్ఖా తీసుకుంది.