మోకాలికి కుదిరిన సంబంధం

మేనకోడలు చంద్రిక మోకాలికి సరిపడే మెత్త దొరికిందన్న కబురు వినగానే బాలసరస్వతమ్మ రేపల్లెలో రైలెక్కి తెనాలిలో దిగింది. తమ్ముడు శ్రీరామచంద్రమూర్తి రిటైరైన ఫిజిక్సు లెక్చరరు. భార్య పోయాక గడప తొక్కిన ప్రతి మనిషినీ వరంగా భావించేవాడు. అక్కయ్య విషయంలో మాత్రం ఆ వరాన్ని కాస్త విడతలుగా ఇమ్మని దేవుణ్ణి వేడుకునేవాడు.

చంద్రిక బాపట్లలో పిల్లలకు షటిల్ నేర్పుతుంది. కాలేజీ రోజుల్లో ఆడుతూ పడినప్పుడు మోకాట్లో చిరిగిన మెత్తను తీసేశారు. ఎముకల నడుమ నెలవంకలా ఉండే ఆ మెత్త లేక, ఇప్పుడు కాసేపు నిలబడితే చాలు, మోకాలు బూరెలా పొంగుతోంది. ఇలాగే ఉంటే కోచింగు మానుకోవలసిందే. చనిపోయిన దాత నుంచి తీసిన మెత్తను అమర్చవచ్చన్నాడు డాక్టరు మోహనకృష్ణ.

"దాతది ఏ గోత్రం నాయనా?" అని డాక్టరు ఎదుటే అడిగేసింది బాలసరస్వతమ్మ.

"అత్తయ్యా!" అని చంద్రిక మొహం దాచుకుంది.

"పేరే చెప్పరమ్మా. మేం చూసేది కొలత. అది కుదరకపోతే కాపురం నిలవదు."

"ఎలా అతికిస్తావు మరి?"

డాక్టరు ప్లాస్టిక్ మోకాలొకటి చేతిలోకి తీసుకున్నాడు. "మెత్త కొసల్ని దారాలతో కుట్టి బిగించడం ఒక పద్ధతి. కొసలకున్న ఎముకతో సహా తెచ్చి, మన ఎముకలో గాడి తీసి దింపడం ఇంకోటి."

మూర్తి ముందుకు వంగాడు. "ఏది గట్టిదండి?"

"ఎముకతో పెడితే పక్కకి జారడం తక్కువని కొందరంటారు. ఏది ఎక్కువకాలం మన్నుతుందో ఇంకా తేలలేదు మాస్టారూ. కొసలు అసలు చోట కూర్చోకపోతే మాత్రం రెండూ దండగే. అమ్మాయిది బయటివైపు మెత్త, కొసలు దగ్గరదగ్గరగా ఉంటాయి. రెండింటినీ ఒకే ఎముక పట్టీతో దింపుతాను."

"ఇద్దర్నీ ఒకే పీట మీద కూర్చోబెడతావన్నమాట!" అని ఆవిడ తృప్తిపడి, పంచాంగం చూసి ముహూర్తం పెట్టింది.

ముహూర్తం రోజు ఉదయం మత్తు ఇవ్వబోయే ముందు డాక్టరు మెత్తను మళ్లీ కొలిచి బయటికొచ్చాడు. "వెడల్పు ఎక్కువుంది. ఇది పెట్టను."

"ముహూర్తం దాటిపోతోందయ్యా! జాకెట్టుకి వేసినట్టు కాస్త లోపలికి మడిచి కుట్టలేవూ?"

"జారిపోతుందమ్మా."

చంద్రిక ఏడ్చింది. కానీ మళ్లీ కొలవకపోతే ఎవరికి తెలిసేది? వద్దని చెప్పగల మనిషి చేతిలో పడ్డామనుకున్నాడు మూర్తి. ఖాళీ కడుపుతో ఉన్న కూతురికి వేడి ఇడ్లీలు తెచ్చాడు. ఏడుస్తూనే అన్నీ తినేసింది. అదీ ఒక మేలే.

కొన్నాళ్లకు ఇంకో మెత్త వచ్చింది. ఈసారి బాలసరస్వతమ్మే డాక్టరుకు ఫోన్ చేసింది.

"కొలత కుదిరిందా?"

"కుదిరిందమ్మా. కాకపోతే రేపు అమావాస్య..."

"అమావాస్య సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు కొసలు చూసుకో!"

ఆపరేషన్ థియేటర్ బయట మూర్తి, అంత దుఃఖంలోనూ ఇవ్వడానికి ఒప్పుకున్న ఆ తెలియని దాత ఇంటివాళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

చంకకర్రలయ్యాయి, వ్యాయామాలయ్యాయి. మెత్త పెట్టినచోటే ఉందని స్కానింగులో తేలింది. "పిల్లలకు నేర్పు, కానీ నువ్వు ఎగరకు" అన్నాడు డాక్టరు.

బాపట్లలో మళ్లీ క్లాసు మొదలైన రోజు మూర్తి కూతురి కోసం కోర్టు పక్కన కుర్చీ వేయించాడు. చంద్రిక పిల్లల్ని కసురుతూ, నవ్విస్తూ క్లాసంతా నిలబడే ఉంది. కుర్చీ వైపు చూడనైనా లేదు. చివరికి బాలసరస్వతమ్మే అందులో కూలబడింది.

"ఒరేయ్ మూర్తీ, నా మోకాళ్ల సంగతి కూడా ఎవరైనా పట్టించుకోండర్రా!"