నీళ్లు రానిచ్చిన మూత

నేను ఒక మూతను. నలభై ఎనిమిదేళ్ల పాత చిన్న విమానానికి కుడి రెక్క మీద, పెట్రోలు ట్యాంకుకు బిగించే గుండ్రటి లోహపు మూతను. అరచేతిలో ఇమిడిపోతాను. విజయనగరంలో అప్పలనరసయ్య ఇంటికి ఆయన చొక్కా జేబులో వచ్చిన సాయంత్రం, అక్కడ ఒక మూత గురించే గొడవ జరుగుతోంది.

“కారప్పొడి డబ్బా మూత ఎవరు వదులుగా పెట్టారు? వాన గాలికి పొడంతా గడ్డకట్టింది,” అంటోంది ఆయన భార్య సుగుణ.

“నాను ముట్టుకోనేదమ్మా. పొద్దున్న ఇడ్లీల్లోకి నీ మొగుడే ఏసుకున్నాడు,” అంది అత్తగారు పైడమ్మ.

“ఎండలో పెడితే పోయేదానికి ఇంత రాద్ధాంతమా?” అన్నాడు అప్పలనరసయ్య గుమ్మంలోంచే.

“ఎండ ఎక్కడుంది, పది రోజులుగా ముసురైతే? మూత తిప్పి పెట్టడానికి కూడా మీ లైసెన్సు కావాలా?”

ఆయన జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ చెమట గుడ్డలోంచి నాకు తగిలింది. ఆ క్షణాన ఆ ఇంట్లో సిగ్గుపడిన వాళ్లం ఇద్దరం.

మొదటినుంచీ చెప్తాను. నేను పుట్టింది సముద్రాల అవతల ఒక కార్ఖానాలో. నా అడుగున నల్లటి రబ్బరు గాస్కెట్ తొడిగి, పైన నీళ్లు పోసి, ఒక్క చుక్క దిగలేదని చూసుకున్నాకే నా మీద ముద్ర కొట్టారు. ఆ ముద్ర ఇప్పటికీ చెరగలేదు. అది గుర్తొచ్చినప్పుడల్లా తల దించుకోవాలనిపిస్తుంది. ఒళ్లంతా తలే అయినదాన్ని, ఎక్కడికి దించను?

ఈ దేశంలో నా మొదటి యజమాని ఒక చక్కెర మిల్లు ఆసామి. ఆయన విమానం ఎక్కినదానికన్నా దాని పక్కన నిలబడి ఫోటోలు దిగిందే ఎక్కువ. ఆయన తర్వాత ఫ్లయింగ్ క్లబ్బుకు చేరాం. మనుషుల్లో ఒక గుణం గమనించాను. కంటి ఎత్తులో ఉన్నదాన్ని మెరిసేదాకా తుడుస్తారు. నన్ను చూడాలంటే నిచ్చెన ఎక్కాలి, అంచేత నమ్మకంతో సరిపెట్టేస్తారు. ఇరవై రెండేళ్లపాటు రోజూ నిచ్చెన ఎక్కినవాడు ఒక్క అప్పలనరసయ్యే. ఆయన ఆ క్లబ్బు ఇంజనీరు. ఆయన సంతకం పెట్టందే విమానం లేవకూడదు.

నన్ను బిగించే చోటు రెక్కలో చిన్న గుంటలా ఉంటుంది. వాన పడితే నా చుట్టూ నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లకూ పెట్రోలుకూ మధ్య అడ్డం ఆ గాస్కెట్ ఒక్కటే. ఈ వేసవిలో అది గట్టిపడి బీటలిచ్చింది. ఆయన వేలితో తడిమి, విమానాన్ని ఆపేసి, వెంటనే కొత్తదానికోసం ఉత్తరాలు రాశాడు. ఈ రకం తయారీ ఎప్పుడో ఆపేశామని కంపెనీ జవాబిచ్చింది. కొత్త రకం మూత పంపగలం, అనుమతులతో కలిపి ఏడు నెలలు పడుతుందంది. “ఇంకా ఎగురుతోందా ఆ బండి? మ్యూజియానికి ఇచ్చేయండి మాస్టారూ,” అని నవ్వాడు ఒక డీలరు. ఇంకొకడు మాత్రం సరిగ్గా అదే కొలతకు ఒక గాస్కెట్ పంపాడు. దానితో కాగితం లేదు.

విమానాల లోకంలో ప్రతి వస్తువుకూ కాగితం ఉండాలి. ఎక్కడ తయారైంది, ఎవరు పరీక్షించారు అని అందులో ఉంటుంది. కాగితం లేనిది ఎంత నిగనిగలాడినా ఒంటి మీద వేసుకోకూడదు. అప్పలనరసయ్య దాన్ని సొరుగులో పడేసి తాళం వేశాడు. మూడు వారాలు అలాగే ఉంచాడు. వానలు మొదలయ్యాయి. పిల్లల ట్రైనింగు ఆగిపోతోందని క్లబ్బువాళ్లు రోజూ అడగడం మొదలుపెట్టారు. ఒకరోజు ఆయన సొరుగు తాళం తీశాడు. గాస్కెట్ మార్చాడు. లాగ్‌బుక్కులో మాత్రం ‘మూతలు పరిశీలించాను, బాగున్నాయి’ అని రాశాడు.

అది పెట్రోలును తట్టుకునే రబ్బరు కాదు. ముందు ఉబ్బింది, తర్వాత ముడుచుకుపోయింది. ప్రతి వానకూ నేను చెంచాడు చెంచాడు నీళ్లను లోపలికి రానిచ్చాను. కావాలని కాదు. కానీ రానిచ్చాను. ఆ మాట ఎలా తిప్పి చెప్పినా తేలికపడదు.

పొద్దున్నే ఎగరబోయే ముందు ట్యాంకు అడుగునున్న తూములోంచి కొంచెం పెట్రోలు గాజుకప్పులోకి తీసి చూడటం అక్కడి పద్ధతి. నీళ్లుంటే అడుగున పూసలా కనిపిస్తాయి. ఈ మధ్య ఒకరోజు తస్లీమా అనే ట్రైనీ పిల్ల అలా తీసింది. పూస కనిపించింది. పారబోసి మళ్లీ తీసింది. మూడోసారికి కప్పు శుభ్రంగా వచ్చింది. ఆ తర్వాతే విమానం ఎక్కింది. కానీ ఆ పాత ట్యాంకు లోపల పెట్రోలు పట్టే రబ్బరు సంచి ముడతలు పడి ఉంది. ముడతల వెనక చిక్కుకున్న నీళ్లు తూముదాకా రాలేదు. విమానం రన్‌వే మీద పరుగు అందుకోగానే ఆ కుదుపుకి అవి కదిలి ఇంజనుకు చేరాయి. ఇంజను దగ్గింది, ఆగిపోయింది. ఇంకో నాలుగు క్షణాలైతే గాల్లో ఉండేది. ఆ పిల్ల కంగారుపడకుండా బ్రేకులు తొక్కి, చివరి గడ్డిలో విమానాన్ని ఆపింది.

విచారణలో తప్పు ఆమెదేనన్నారు. నీళ్లు తీయకుండానే తీశానని చెప్తోందన్నారు. సోమవారం క్లబ్బు కమిటీ కూర్చుని ఆమె పేరు కొట్టేయాలనుకున్నారు. “మూతలు సరిగ్గానే ఉన్నాయా?” అని అప్పలనరసయ్యను అడిగారు.

“ఉన్నాయి,” అన్నాడు.

ఆ సాయంత్రమే నన్ను ఊడదీసి, నా చోట గుడ్డ కుక్కి, జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు. బీరువాలో బట్టల కింద పెట్టాడు. మూడు రోజులు అక్కడే ఉన్నాను.

ఆదివారం ఉదయం తస్లీమా బస్సు దిగి వచ్చింది. బీరువాలో బట్టలు సర్దుతున్న సుగుణ చేతికి నేను దొరికింది కూడా అప్పుడే.

“సార్, నేను కప్పులో తీస్తుంటే మీరు నిచ్చెన మీద ఉన్నారు. చూశారు కదా సార్?” అంటోంది ఆ పిల్ల వరండాలో. “నాలుగేళ్లు మా అబ్బాజాన్ కుట్టుమిషను తొక్కి డబ్బు పంపించారు. మీరొక్క మాట చెప్తే చాలు.”

“చూద్దాంలేమ్మా,” అన్నాడు ఆయన, గోడవైపు చూస్తూ.

ఆమె టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. సుగుణ నన్ను తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. గాస్కెట్‌ను గోటితో నొక్కింది. పొడి రేగింది.

“ఇది ఆ విమానానిదేనా?”

“దీనికి గాస్కెట్ దొరకదు. కొత్త మూతకి ఏడు నెలలు పడుతుంది.”

“కుక్కర్ గాస్కెట్ ఇలా అయితే నేను కుక్కర్ పెట్టను. దొరక్కపోతే గిన్నెలో వండుతాను, లేదా ఆ పూటకి మానేస్తాను. మీరు విమానం ఎందుకు మానలేదు?”

ఆమె గొంతు పెంచలేదు. కంచాలు తెచ్చి, నన్ను తీయకుండా నా చుట్టూనే సర్దింది. పప్పూ, వంకాయ కూరా వడ్డించింది. ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు. ముద్ద నోటిదాకా వెళ్లలేదు.

“ఏట్రా, మూడు దినాలుగా నీకు అన్నం సయించట్నేదు?” అంది పైడమ్మ.

“అమ్మా, రేపు కమిటీలో చెప్పేస్తాను,” అన్నాడు అప్పలనరసయ్య. “కాగితం లేని రబ్బరు వేసింది నేను. బాగుందని రాసింది నేను. ఆ పిల్ల మూడుసార్లు నీళ్లు తీసింది, నా కళ్లతో చూశాను. ఈ మూత పట్టుకెళ్లి వాళ్ల ముందు పెడతాను.”

“మరి లైసెన్సు?” అంది సుగుణ మెల్లగా.

“పోతుంది. పోవాలి కూడా.”

పైడమ్మ కంచం పక్కకి జరిపి కొడుకువైపు తిరిగింది.

“సెప్పేదేదో రేపటిదాకా దేనికిరా? ఆ పిల్ల ఏడుస్తా బస్సెక్కింది. ఇప్పుడే సెప్పు.”

ఆయన ఎంగిలి చేతిని కంచం మీదే ఉంచి, ఎడమచేత్తో ఫోను అందుకున్నాడు. అవతల మోగుతున్నంతసేపూ నన్నే చూస్తున్నాడు. నాకు మొహం తిప్పుకోవడం రాదు కాబట్టి నేనూ చూశాను.

“అమ్మా తస్లీమా, నేను అప్పలనరసయ్యని,” అన్నాడు. “తప్పు నీది కాదమ్మా. నాది. రేపు కమిటీలో నువ్వు మాట్లాడకు. ముందు నేను మాట్లాడతాను.”