గాలి లేని పొద్దున

నేను ఒక గాజుముక్కని. నల్లటి గొట్టంలో బిగించిన గాజుముక్కని. కొట్లోవాళ్ళు మాక్రో లెన్స్ అంటారు. చీమ మీసాన్ని చీపురుకట్టంత చేసి చూపించడం నా పని. పుట్టింది ఎక్కడో జపానులో. అక్కడ నా మీద చిన్న నలుసు వాలితే ఇల్లు అంటుకున్నంత హడావుడి చేసేవాళ్ళు. ఆ పెంపకం వల్లనో ఏమో, నాకు మొదట్నించీ గుండెదడ ఎక్కువ. కింద పడతానేమో, గీత పడుతుందేమో, బూజు పడుతుందేమో అని ఒకటే బెంగ. గాజు పుట్టుక పుట్టాక నిబ్బరం ఎక్కణ్ణుంచి వస్తుంది లెండి!

మొదట నన్ను కొన్నది తిరుపతిలో ఒక పళ్ళ డాక్టరు. అయ్యో రామా, ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళంతా ఆవిరి కమ్ముతుంది. తెల్లారితే పిప్పిపళ్ళు, పొద్దుగూకితే పుచ్చుపళ్ళు. నోరు మూసుకున్నప్పుడు మనుషులు ఎంత బాగుంటారో నాకు అక్కడే అర్థమైంది. ఆయన ఇంకేదో కొత్తది కొనుక్కుని నన్ను వదిలించుకున్నాడు. అలా మైదుకూరు ఫోటోగ్రాఫరు ఓబులేసు చేతికి వచ్చాను.

ఓబులేసు పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తాడు. ఉంగరాలకీ, గోరింటాకు చేతులకీ, తాళిబొట్టుకీ పనికొస్తానని నన్ను కొన్నాడు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు దండ మీద తేనెటీగ వాలింది. ఈ మహానుభావుడు తలంబ్రాలు వదిలేసి దాన్ని తీశాడు. పెళ్ళివాళ్ళు తిట్టిన తిట్లకి లెక్కలేదు. ఇంటికొచ్చి, తేనెటీగ ఒంటిమీద బంగారురంగు నూగుని భార్య సుంకులమ్మకి చూపించి, "చూడుమ్మే, ఇది కూడా పట్టుచీర కట్టుకునే వచ్చింది పెండ్లికి" అన్నాడు. ఆ రోజుతో అతనికి పురుగుల పిచ్చి పట్టుకుంది.

అప్పట్నించి వీలు చిక్కిన ప్రతి పొద్దునా ఊరిబయట తంగేడు పొదల్లోకి పోయేవాళ్ళం. స్టాండు ఉండేది కాదు. మూడుకాళ్ళ స్టాండు విప్పేలోగా ఆరుకాళ్ళ పురుగు ఊరు దాటిపోతుంది. అందుకని అంతా చేతిమీదే. పురుగుకి జానెడు దూరంలో మోకాళ్ళ మీద కూచుని, నన్ను ఎడమ అరచేతిలో ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, ఒళ్ళంతా వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరిగేవాడు. నాకు తేటగా కనిపించే మేర బియ్యపుగింజ మందం కూడా ఉండదు. ఆ మేరలోకి పురుగు కన్ను రాగానే నొక్కేవాడు. మిడతలు, గొల్లభామలు, తూనీగలు, తొలకరికి ఆరుద్ర పురుగులు. ఎంత సుఖపడ్డానో చెప్పలేను. పిప్పిపళ్ళు చూసిన కళ్ళతో ఆరుద్ర పురుగుని చూడ్డమంటే మాటలా!

అలా ఉండగా, ఒక పొద్దున అతని అరచేయి వణికింది.

చలేమో అనుకున్నాను. మర్నాడూ వణికింది. ఎండెక్కాక కూడా వణికింది. పెళ్ళి ఫోటోలు చాలావరకు దూరం నుంచి తీసేవి, ఉంగరాలకి ఫ్లాషు వెలుగు ఉంటుంది, వాటిలో ఈ వణుకు బయటపడదు. పురుగు దగ్గర దాచడం ఎవరి తరం? నా కంటికి అది భూకంపం. మిడత మిడతలా లేదు, తడిసిన కాగితంలా అలుక్కుపోయింది. ఓబులేసు ఆ ఫోటో చూసి వెంటనే చెరిపేశాడు. వాళ్ళ నాయనకి కూడా ఇలాగే మొదలై, చివరికి గ్లాసు నోటిదాకా తీసుకుపోలేకపోయాడని సుంకులమ్మ ఒకప్పుడు అనగా విన్నాను. ఫోటోగ్రాఫరుకి చెయ్యి వణుకుతుందని ఊళ్ళో తెలిస్తే ఎవరు పిలుస్తారు? ముందు సుంకులమ్మకి తెలిస్తే ఆమె ఏమైపోతుంది? పాపం, ఇవన్నీ అతని మొహంలోనే కనిపించేవి. చెప్పలేక అతను, అడగలేక నేను, ఇద్దరం నలిగిపోయాం.

"ఈపొద్దు కూడా ఏం రాల్యా?" అని అడిగేది సుంకులమ్మ.

"గాలి. శానా గాలి" అనేవాడు.

రోజూ గాలే. పాపం, గాలికి నోరుంటే పంచాయితీ పెట్టేది. చివరికి ఒకరోజు నన్ను పెట్టెలో పెట్టి, ప్రొద్దుటూరులో ఎవరో ఫోటోగ్రాఫరు అడుగుతున్నాడు, ఇచ్చేస్తానన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. మళ్ళీ ఏ పళ్ళ డాక్టరు పాలబడతానో!

"ఎందుకిస్తావు గీత నాయనా?" అంది సుంకులమ్మ. గీత వాళ్ళ కూతురు. "గాలికేనా? రేపు నేనొస్తా. పుల్ల కదలకుండా పట్టుకుంటా."

అతను సరేనని తలూపాడు. నాకైతే గుండె జారిపోయింది. పుల్ల కదలకపోతే ఇక నెపం ఎవరి మీద పెడతాడు? రేపటితో గుట్టు రట్టవుతుంది.

తెల్లారింది. ఆకు కూడా కదలడం లేదు. తంగేడు పుల్ల మీద గొల్లభామ చేతులు ముడుచుకుని కూచుంది. సుంకులమ్మ పుల్ల మొదలు పట్టుకుంది. ఆమె చెయ్యి బండరాయిలా నిలిచింది. ఓబులేసు నన్ను ఎత్తాడు, ఊపిరి బిగబట్టాడు, నొక్కాడు. అలుక్కుపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే.

సుంకులమ్మ వంగి కెమెరా తెర చూసింది. పుల్ల చూసింది. అతని చెయ్యి చూసింది.

"ఇంక గాలి యాడుందయ్యా?"

అతను తల ఎత్తలేదు. "మా నాయన మాదిరే, సుంకులూ" అన్నాడు.

"ఎన్ని దినాల్నించి?"

"ఉగాది ముందర్నించి."

"ఇంతకాలం గాలిని తిట్టుకుంటా తిరిగితివా? నాకు చెప్పకూడదా? నేనెవరు నీకు?" అని కసిరింది. ఆ కసురులో ఏడుపు ఉంది. పుల్ల వదలకుండానే రెండో చేత్తో అతని ఎడమచేతిని లాగి, పుల్ల పట్టుకున్న తన పిడికిలి మీద ఆనించి అదిమి పట్టుకుంది. వణుకు ఆపుదామని ఆమె ఆశ. వణుకు ఆగలేదు. ఆమె చేతికీ పాకింది, పుల్లకీ పాకింది. పుల్లతో పాటు గొల్లభామ, దానికెదురుగా అరచేతిలో నేను, అందరం కలిసి వణికాం.

అలవాటు కొద్దీ అతని వేలు నొక్కేసింది.

నమ్మండి, నమ్మకపోండి. గొల్లభామ కంట్లో నల్లచుక్క సూది మొనలా తేరింది. అది ఎటు కదిలితే నేనూ అటే కదిలాను మరి. మా మధ్య దూరం మారనే లేదు. ఫోటో మూలన పుల్ల పట్టుకున్న సుంకులమ్మ బొటనవేలు కూడా పడింది. ఓబులేసు తెర చూసి, గొల్లభామని మరిచిపోయి, ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేశాడు. "ముందు కడపకు పోదాం, డాక్టరుకు చూపిద్దాం" అంటూ ఆమె కూడా ఏడ్చింది.

మందులతో వణుకు కొంచెం తగ్గింది, పోలేదు. పోదట. పెళ్ళిళ్ళు సగం వేరేవాళ్ళకి పోయాయి. నన్ను మాత్రం ప్రొద్దుటూరుకి ఇవ్వలేదు. రోజూ పొద్దున ముగ్గురం పొదల్లోకి పోతాం. ఆ అరచెయ్యి ఏ రోజు ఎంత వణుకుతుందో అని నాకు ఇప్పటికీ బెంగే. నా బెంగ నాది, దానికి మందు లేదు.

ఫోటోలో వేలు పడితే ఒకప్పుడు మండిపడేవాడు ఓబులేసు. మొన్న అతని ఫోటోల కొట్టు గోడ మీద ఆ గొల్లభామ ఫోటో చూసి ఎవరో అడిగారు. "పురుగు బలే ఉందన్నా. మూలన ఆ బొటనవేలు కత్తిరించకూడదా?"

"అది కత్తిరిస్తే పురుగెక్కడ కనపడుతుంది సామీ?" అన్నాడు.