చెమట పట్టని జ్వరం

నేను ఆశా కార్యకర్తను. ఎండదెబ్బ గురించి నాకు తెలిసినంత మా సోమందేపల్లిలో ఇంకెవరికీ తెలియదని నాకో పొగరు ఉండేది. గోడకు బొమ్మలు తగిలించి, ఆడవాళ్లను కూర్చోబెట్టి గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. ఆ పొగరే మా నాయనను తినేసింది.

నాయన పేరు ఓబుళప్ప. పెనుకొండ దగ్గర పల్లెలో గొర్రెలు మేపేవాడు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం గుట్ట కింద కళ్లు తిరిగి కూలబడ్డాడు. ఆరోజు నేను పుట్టింట్లోనే ఉన్నాను. పరుగెత్తాను. ఒళ్లు చల్లగా ఉంది, చొక్కా చెమటకు తడిసి ముద్దయింది, పిక్కలు పట్టేశాయి. మాట మాత్రం సరిగ్గానే ఉంది. ఎండకు సొమ్మసిల్లాడంతే. నీడన పడుకోబెట్టి, కాళ్లు ఎత్తిపెట్టి, ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాపించాను. గంటలోపే లేచి కూర్చుని, "ఏం తల్లీ, నన్ను బాలింతను చేసినావే" అని నవ్వాడు.

రెండు దినాలు ఎండకు పోవద్దని చెప్పి నేను మా ఊరికి వచ్చేశాను. ఆయన వింటాడా? తెల్లారగానే గొర్రెలు తోలుకుని పోయాడు.

ఆరోజు రెండు గంటలప్పుడు అమ్మ ఫోన్ చేసింది. నేను ఆడవాళ్ల మీటింగ్‌లో ఉన్నాను. చేతిలో ఎండదెబ్బ బొమ్మే ఉంది.

"ఈశ్వరీ, మీ నాయన ఇంటికొచ్చి పండుకున్యాడు. జరం కాలిపోతాండాది. ఏందేందో మాట్లాడతాండాడు."

"నిన్నటి మాదిరేలేమ్మా. ఓఆర్‌ఎస్ తాపి పండబెట్టు. సాయంత్రం వస్తా" అని పెట్టేశాను.

చెమట పడుతోందా అని అడగలేదు. ఏం మాట్లాడుతున్నాడని అడగలేదు. అడిగి ఉంటే, ఎప్పుడో పోయిన వాళ్ల నాయనను పిలుస్తున్నాడని అమ్మ చెప్పేది. ఒళ్లు పెనంలా కాలుతూ మతి తప్పితే, చెమట ఉన్నా లేకున్నా, అది వడదెబ్బ. ఆ క్షణమే 108కి ఫోన్ చేయాలి, బట్టలు వదులు చేసి ఒంటి మీద నీళ్లు కుమ్మరిస్తూ విసరాలి. మతిలేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు. ఫోన్ పెట్టేశాక నేను ఆ ఆడవాళ్లకు చెప్పింది సరిగ్గా ఇదే.

మా గొర్రెల కాపర్ల ఇళ్లలో జ్వరానికి మందు కంబళే. చెమట పట్టేదాకా కప్పి ఉంచితే దిగిపోతుందని నమ్మకం. అమ్మ నల్ల కంబళి తెచ్చి నాయనకు మెడ దాకా కప్పి, అంచులు కాళ్ల కింద దోపి, చెమట కోసం ఎదురుచూస్తూ పక్కనే కూర్చుంది. ఫిట్స్ వచ్చాక పక్కింటివాళ్లు ఆటోలో పెనుకొండకు తీసుకుపోయారు. నేను ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది.

"కంబళి ఎవరు కప్పినారమ్మా?" అని డాక్టర్ అడిగాడు.

"నేనే సామీ" అంది అమ్మ.

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఫోన్ సంగతి నేను చెప్పలేదు. వచ్చినవాళ్లందరికీ అమ్మ తన తప్పే చెప్పుకుంటుంటే పక్కనే కూర్చుని విన్నాను. అంత పిరికిదాన్ని.

వానాకాలంలో నాకు చలిజ్వరం వచ్చింది. అమ్మ చూసుకోవడానికి వచ్చింది. వణుకుతో పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"అమ్మా, ఏమైనా కప్పవే" అన్నాను.

"కప్పను తల్లీ. నీ కాళ్లు మొక్కుతా, అడగొద్దు" అని ఏడ్చేసింది.

ఇక దాచుకోలేకపోయాను. "తప్పు నాదమ్మా. నువ్వు ఫోన్ చేసినావు. నేను ఒక్కమాట అడిగింటే నాయన బతికుండేవాడు."

అమ్మ తడిగుడ్డ పిండి నా నుదుటి మీద వేసింది.

"నువ్వు యాడనో ఉండావు" అంది. "ఆయప్ప కంబళి తోసేస్తానే ఉన్యాడు. నేనే మళ్లా మళ్లా కప్పినా."