వెనక నుంచి వేసిన లెక్క

నేను ఒక నల్లబల్లను. వేపచెక్కతో ఒక వడ్రంగి నన్ను చేసి, నల్లరంగు పూసి, ఎడ్లబండి మీద ఒక చిన్న ఊరి బడికి పంపాడు. మనుషులు తమ తప్పులు నా మీద రాసి, తుడిచేసి, అసలు చేయనే లేదన్నట్టు నిలబడతారు. ఆ సుద్దపొడంతా మింగేది నేను.

నన్ను మొదట వాడిన పాత పంతులు, లెక్కలో 'మొత్తం' అని ఉంటే కలపమనీ, 'మిగిలాయి' అని ఉంటే తీసెయ్యమనీ వల్లె వేయించేవాడు. పిల్లలు లెక్క చదవడం మానేసి ఆ మాట కోసం వెతికేవాళ్లు. ఆయన తర్వాత వచ్చిన వసుంధర టీచరు నెత్తిన ఆ అలవాటు పడింది.

"చెట్టు మీద కొన్ని పిట్టలున్నయి. ఐదు ఎగిరిపోతే ఏడు మిగిలినయి. మొదలు ఎన్ని?"

"రెండు టీచర్," అంది నాలుగో తరగతి నీలవేణి.

"ఏడు మిగిలితే మొదలు రెండే ఎట్లుంటయే?"

"మిగిలినయి అన్నరు గద. తీసేసిన."

టీచరు నాకు నుదురు ఆనించి నిలబడింది. త్వరలో పరీక్ష. పిల్లలు వెనకబడితే ఈ బడి మూసి హైవే అవతలి బడిలో కలుపుతారని ఆమెకు చెప్పారు. బొమ్మలు గీసింది, చింతపిక్కలు పేర్చింది. ఏదీ ఎక్కలేదు. చివరికి పిల్లలనే పిట్టలను చేసి, మల్లీశ్వరితో పాటు ఐదుగురిని బయటికి ఎగరేసింది. "ఇప్పుడు ఎనకకెల్లి చూడు. పోయినోళ్లను పిలువు," అంది. నీలవేణి అందరినీ పిలిచి, లెక్కపెట్టి, "పన్నెండు," అని తనలో తానే అనుకుంది. టీచరు మొహం తిప్పుకొని కళ్లు ఒత్తుకుంది.

పరీక్ష కంటే ముందే ఉత్తర్వు వచ్చింది. పిల్లలు తక్కువున్నారని బడి మూసేశారు. వాళ్లకు లెక్కలొచ్చాయో లేదో ఎవరూ అడగలేదు.

చివరిరోజు నీలవేణి తండ్రి సాయిలు గుమ్మంలో నిలబడ్డాడు. "లారీలు ఉరికే రోడ్డు టీచరమ్మా. ఆడపిల్ల ఎట్ల దాటుతది? సదివింది సాలు."

టీచరు చేతులు జోడించింది. నీలవేణి సుద్దముక్క తీసి నా మీద ఆ చివర కొత్త బడి గీసింది.

"ఎనకకెల్లి చూద్దాం నాయినా. ఈడ దిగాలె. దిగాలంటే రోడ్డు దాటాలె. అమ్మోళ్లు పత్తి ఏరబోయే ఆటో వంతెన కిందికెల్లి పోతది. అండ్ల నేను ఎక్కుత."

"మరి వచ్చుడు?"

సుద్దముక్క ఆగిపోయింది. ఆటో తిరిగొచ్చేసరికి బడి వదిలి చాలాసేపవుతుంది.

"నన్ను గూడ ఆ బడికే ఏసిన్రు," అంది టీచరు. "ఆటో వచ్చేదాంక నాతోని ఉంటది."

సాయిలు కూతురి చెయ్యి పట్టుకొని వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేను తాళం వేసిన గదిలో, విరిగిన బెంచీల మధ్య ఉన్నాను. మొన్న కుర్చీల కోసం ట్రాలీతో టీచరు వచ్చింది. పిల్లలంతా వస్తున్నారా అని డ్రైవరు అడిగాడు.

"నీలవేణి ఒక్కతే వస్తంది. కడమోళ్లందరు పత్తిచేన్లనే."

కుర్చీలు ఎక్కించాక అతను ఆమెను బండెక్కమన్నాడు.

"నువ్వు పో. నాకు మల్లీశ్వరి వాళ్లింట్ల పనుంది," అంది.

కిటికీలోంచి చూశాను. కొంగు నెత్తిన కప్పుకొని, మండే ఎండలో వాడకేసి నడుస్తోంది.