తలకో గవ్వల ఇల్లు

రోజమ్మ చేతికి సూది దొరికితే ఊరుకునే మనిషి కాదు. ఇంగ్లండులో రీడింగ్ అనే ఊళ్లో ఆవిడ పనిచేసే వృద్ధుల కేర్ హోమ్‌లో ఎవరి బొత్తాం ఊడినా ఆవిడే కుట్టాలి. బాపట్లలో తల్లి మిషను కుట్టి పెంచిన పిల్ల మరి.

2014 చలికాలంలో ఏడో నంబరు గదిలోకి ఫొలాషాదే ఆంటీ వచ్చింది. నైజీరియా ఆవిడ. పక్షవాతం ఆవిడ మాటనూ కుడిచేతినీ పట్టుకుపోయింది. వెంట తెచ్చుకున్నది ఒక్క తోలు బుట్ట. గోపురంలా ఉంటుంది, ఒళ్లంతా గవ్వలు కుట్టి. పొద్దస్తమానం దాన్ని ఒళ్లో పెట్టుకుని కూచునేది. అన్యుల విగ్రహమేమోనని రోజమ్మ మొదట జంకింది గానీ, చిన్నప్పుడు అష్టాచెమ్మా ఆడిన గవ్వలే కదా అని సర్దుకుంది.

రోజూ ఒకటో రెండో గవ్వలు నేలమీద పడి ఉండేవి. ఎవరైనా కాలేసి జారితే రిపోర్టు రాయాలి. "పాతదారం చీకిపోయినట్టుంది ఆంటీ, నేనున్నాగా" అని తెలుగులోనే అనేసి, టీ బ్రేకులో నైలాను దారంతో బిగించి కుట్టేది. ముసలావిడ కళ్లనీళ్లు పెట్టుకునేది. పాపం, ఎంత సంతోషమో అనుకునేది ఈ వెర్రిబాగులది. ఒకరోజు ఆవిడ గోరు విరిగి నెత్తురొస్తే, పదిగోళ్లూ మొదలంటా కత్తిరించింది. ఆ తర్వాత ఒక్క గవ్వా రాల్లేదు. ఫొలాషాదే ఆంటీ గోడవైపు తిరిగి పడుకుంది. తిండి మానేసింది. మార్చిలో పోయింది.

సామాను తీసుకెళ్లడానికి కొడుకు కయోదే వచ్చాడు. బుట్టను తిప్పితిప్పి చూసి, "ఒక్క గవ్వా పోలేదే. వేలంవాళ్లకు ఇలాంటిదే కావాలి" అన్నాడు.

"ఏంటండీ ఇది?"

"మనిషి రాత తలలో ఉంటుందంటారు మావాళ్లు. ఆ తలకు కట్టుకునే ఇల్లు. మనిషి పోతే గవ్వలన్నీ ఊడదీసి పంచెయ్యాలి. లేకపోతే తనకు విడుదల లేదని అమ్మ నమ్మకం. నావల్ల కాదన్నాను. అయితే నేనే విప్పుకుంటానంది, మాట పడిపోకముందు." అతను బుట్ట నిమిరాడు. "మొదలే పెట్టినట్టు లేదు."

రోజమ్మ తను వేసిన నైలాను కుట్లకేసి చూసింది. ఒంటిచేత్తో, గోటితో గీకి గీకి, ఒక్కో గవ్వకు ఎంతసేపు పట్టి ఉంటుందో ఆవిడకు. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే కాబోలు.

"ఇప్పుడైనా విప్పేద్దామండీ. నా దగ్గర కత్తెర ఉంది."

"విప్పితే ఎవరు కొంటారు?" అని కయోదే బుట్టను అట్టపెట్టెలో సర్దేశాడు. వెళ్తూ వెళ్తూ, అంత శ్రద్ధగా చూసుకున్నందుకు అమ్మ తరఫున అంటూ, ఒక చాక్లెట్ డబ్బా రోజమ్మ చేతిలో పెట్టాడు.